పెంట తీశాకే మందు

పందులకు నెత్తురు విరేచనాలు తెచ్చే బాక్టీరియా ఒకటి ఉంది. పేరు బ్రాకిస్పైరా హయోడిసెంటెరియే. ఆక్సిజన్ ఎక్కువైతే తట్టుకోలేదు, పంది పెద్దపేగే దాని ఇల్లు. డెన్మార్క్ పరిశోధకులు దీన్ని 10 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో మూడు రకాల చోట్ల పెట్టి, ఎక్కడ ఎన్నాళ్లు బతుకుతుందో చూశారు. ఒట్టి మట్టిలో 10 రోజులు బతికింది. ఆ మట్టిలోనే పదో వంతు పంది పెంట కలిపితే 78 రోజులు బతికింది. మట్టి లేకుండా పెంటలోనే ఉంచేస్తే 112 రోజులు. బాక్టీరియా అదే, చలి అదే, మారింది చుట్టూ ఉన్న పెంట పాలు ఒక్కటే. 2001లో అచ్చయిన ఈ మూడు అంకెలను పందుల ఫారం నడిపే ప్రతి ఒక్కరూ షెడ్డు గోడ మీద రాసుకోవాలి. ఎందుకంటే ఫారంలో రోగక్రిములను అదుపు చేయడం అనగానే మనసు ముందు మందు డబ్బా వైపు వెళుతుంది: ఏ కంపెనీది, ఎంత ఘాటు, లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లు. అసలు తేలవలసిన లెక్క అంతకు ముందే ఉంది. క్రిమినాశకం పందుల షెడ్డులో చేసేది ఆఖరి పని. మూత తీసేనాటికి ముందు పనులన్నీ సరిగ్గా జరిగి ఉంటే అది చాలా గొప్పగా పనిచేస్తుంది, జరగకపోతే ఖరీదైన రంగునీళ్లుగా మిగులుతుంది. ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఇంతే. అయితే దీన్ని ఒప్పుకోవడానికి కొంత రసాయనం, కొంత గణితం, కొంత చరిత్ర కావాలి.

ముందు, పందుల షెడ్డు నేలకు అంత ప్రాధాన్యం ఎందుకో చూద్దాం. పంది పడుకునేదీ, తినేదీ, వాసన చూస్తూ ముట్టెతో తడిమేదీ ఆ నేలనే. పాలు మాన్పించిన పిల్ల సంగతి మరీ సున్నితం. తల్లి పాలలో వచ్చే రక్షణ ఒక్కసారిగా ఆగిపోతుంది, సొంత రోగనిరోధక శక్తి ఇంకా కుదురుకోదు, మేత మారుతుంది, గది మారుతుంది, పక్కన కొత్త పిల్లలు చేరతాయి. సరిగ్గా ఆ వారంలోనే కొన్ని రకాల ఈ.కోలి బాక్టీరియా పేగు గోడకు అతుక్కుని పారుడు తెస్తాయి. జబ్బు పడిన పిల్ల ఒక గ్రాము విరేచనంలో 100 కోట్ల బాక్టీరియాను వదలగలదు. సాల్మొనెల్లా సంగతి ఇంకొకటి. ఆ పేరే పందుల జబ్బు నుంచి వచ్చింది. 1885లో అమెరికా వ్యవసాయ శాఖలో డేనియల్ సాల్మన్ దగ్గర పనిచేసిన థియొబాల్డ్ స్మిత్ జబ్బు పందుల నుంచి ఒక బాక్టీరియాను వేరు చేశాడు. హాగ్ కలరా అనే మహమ్మారికి అదే కారణమనుకున్నారు. నిజానికి ఆ జబ్బు వైరస్ వల్ల వస్తుందని 1903లో తేలింది. బాక్టీరియాకు మాత్రం సాల్మన్ పేరే నిలిచిపోయింది. ఈ సాల్మొనెల్లా జాతిలో చాలా రకాలు పందికి ఏ బాధా పెట్టకుండా పేగుల్లో ఉండి, మాంసంతో పాటు మనిషి పళ్లెంలోకి వస్తాయి. డెన్మార్క్‌లో 1993లో పంది మాంసం వల్ల సాల్మొనెల్లా జబ్బు పెద్దయెత్తున వ్యాపించాకే ఆ దేశం ఫారాల స్థాయి నుంచి దాన్ని వెంటాడే జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది.

నేల నుంచి పందికి రోగక్రిమి ఎంత త్వరగా ఎక్కుతుందో అమెరికాలో అయోవా రాష్ట్రంలో జరిగిన ప్రయోగాలు చూపించాయి. ఒకే మందలోని పందులను కొన్నింటిని ఫారం దగ్గరే కోసి పరీక్షిస్తే దాదాపు 5 శాతంలో సాల్మొనెల్లా కనిపించింది. మిగతావాటిని లారీలో తీసుకెళ్లి, కబేళాలో వేచి ఉండే దొడ్లో కొన్ని గంటలు ఉంచి, ఆ తర్వాత పరీక్షిస్తే దాదాపు 40 శాతంలో కనిపించింది. మరో ప్రయోగంలో మురికి నేల మీద రెండు గంటలు ఉండడమే పందికి సోకడానికి సరిపోయింది. నెలల తరబడి ఫారంలో పడిన శ్రమ రెండు గంటల్లో, అంతకు ముందు వచ్చి వెళ్లిన పందుల పెంట మీద నిలబడినందుకు, కరిగిపోవచ్చన్న మాట. కాబట్టి నేలను శుద్ధి చేయడం వట్టి ఆచారం కాదు, రోగం నడిచే దారిని తెంచడం. ఎలా తెంచాలన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు సగం జవాబు వందేళ్ల కిందటే దొరికింది. జోసెఫ్ లిస్టర్ గాయాలకు కార్బాలిక్ ఆమ్లం వాడి శస్త్రచికిత్సను మార్చేసింది 1867 ప్రాంతంలో. ఆ ఆలోచన ఆయనకు పశువుల పొలం మీదుగా వచ్చింది. ఇంగ్లండ్‌లోని కార్లైల్ పట్టణంలో మురుగునీటి కంపు పోగొట్టడానికి కార్బాలిక్ ఆమ్లం కలిపితే, ఆ నీరు పారిన పచ్చికలో మేసిన పశువులకు పరాన్నజీవుల బెడద కూడా తగ్గిందని ఆయన చదివాడు. ఆ తర్వాత క్రిమినాశకాల వ్యాపారం పెరిగింది, ప్రతివాడూ తన సీసాలో ఉన్నదే ఘాటైనదన్నాడు. వాటిని పోల్చడానికి 1903లో రిడీల్, వాకర్ అనే ఇద్దరు ఒక పరీక్ష తయారు చేశారు: టైఫాయిడ్ బాక్టీరియాను చంపడంలో ఈ మందు ఫినాల్ (అంటే ఆ కార్బాలిక్ ఆమ్లమే) కంటే ఎన్ని రెట్లు బలమైనది? మన దేశంలో నల్ల ఫినాయిల్ సీసాల మీద ఆర్‌.డబ్ల్యు.సి. అని కనిపించే అంకె అదే. ఆ అంకె అబద్ధం చెప్పదు. అయితే అది శుభ్రమైన నీళ్లలో తేలుతున్న బాక్టీరియా మీద కొలిచిన బలం. పందుల షెడ్డులో గాని, మరుగుదొడ్డిలో గాని బాక్టీరియా శుభ్రమైన నీళ్లలో తేలుతూ ఉండవు. లిస్టర్ పేరు మీదే లండన్‌లో వెలసిన పరిశోధన సంస్థలో హారియట్ చిక్ అనే శాస్త్రవేత్త, సంస్థ అధిపతి చార్లెస్ మార్టిన్‌తో కలిసి 1908లో ఈ లోపాన్ని పట్టుకుంది. వాళ్లు పరీక్ష ద్రావణంలో ఎండబెట్టి పొడి చేసిన మలం కలిపి చూశారు. మందుల బలం పడిపోయింది, అదీ అన్నిటికీ ఒకే తీరున కాదు. శుభ్రమైన నీళ్లలో ముందున్నది మురికిలో వెనకబడింది. ఆ చిన్న మార్పుతో శాస్త్రం ప్రయోగశాల గాజుగొట్టం నుంచి దొడ్డిలోకి దిగింది.

అదే సంవత్సరం చిక్ మరో సంగతి రాబట్టింది. క్రిమినాశకం తగలగానే బాక్టీరియా అన్నీ ఒక్కసారి చావవు. ప్రతి నిమిషానికీ మిగిలినవాటిలో ఇంత వంతు చొప్పున చస్తాయి. మందు గాఢత తగ్గితే ఆ వేగం ఎలా తగ్గుతుందో అదే కాలంలో వాట్సన్ అనే శాస్త్రవేత్త సూత్రంగా రాశాడు. ఆ సూత్రంలో గాఢతకు ఒక ఘాతాంకం ఉంటుంది, అది ఒక్కో మందుకు ఒక్కోటి. ఫినాల్‌కు దాదాపు 6. దాని అర్థం ఒక లెక్కతో తెలుస్తుంది. కడిగిన నేల ఆరకముందే, చదరపు మీటరుకు 300 మిల్లీలీటర్ల చొప్పున మందు ద్రావణం కొట్టారనుకుందాం. నేల గుంటల్లో అప్పటికే అన్ని నీళ్లే నిలిచి ఉంటే గాఢత సగమవుతుంది. సగం గాఢతకు ఫినాల్‌కు పట్టే కాలం రెట్టింపు కాదు, రెండును ఆరుసార్లు హెచ్చవేస్తే వచ్చే 64 రెట్లు. 10 నిమిషాల పని 10 గంటలు దాటుతుంది, ఆలోపు మందు ఎటూ ఆరిపోతుంది. గ్లూటరాల్డిహైడ్, క్వాటర్నరీ అమోనియం మందులకు ఘాతాంకం ఒకటి దగ్గర్లో ఉంటుంది కాబట్టి వాటికి కాలం రెట్టింపే అవుతుంది. అయినా పది నిమిషాలు ఆగి పందులను లోపలికి తోలే ఫారంలో రెట్టింపు కాలం కూడా దొరకదు. నేల ఆరబెట్టండి అని పశువైద్యులు పదేపదే చెప్పే మాట వెనక ఉన్న గణితం ఇది. ఆరబెట్టడంలో ఇంకో లాభం ఉంది, తడి పోవడమే చాలా బాక్టీరియాకు మరణం. చలి కూడా ఇలాగే వేగాన్ని కోస్తుంది. యూరప్ శీతకాలంలో ఖాళీ షెడ్డును వేడి చేయకుండా ఆల్డిహైడ్ మందు కొడితే అది మందకొడిగా పనిచేస్తుంది. ఈ ఒక్క విషయంలో మన ఎండలు మనకు వరం.

ఇక మురికి క్రిమినాశకాన్ని ఎలా ఓడిస్తుందో చూద్దాం. మందు అణువుకు బాక్టీరియా గోడలోని ప్రోటీనూ, పెంటలోని ప్రోటీనూ వేరుగా కనిపించవు. ఏది ముందు తగిలితే దానితో చర్య జరిపి ఖర్చయిపోతుంది. బ్లీచింగ్ పౌడర్‌లోని క్లోరిన్ పెంటలోని సేంద్రియ పదార్థంతో, మూత్రపు అమోనియాతో కలిసి బలహీనమైన క్లోరమైన్లుగా మారిపోతుంది. క్వాటర్నరీ అమోనియం అణువులకు ధనావేశం ఉంటుంది. పెంటలోని రేణువులకు, మట్టికి, పాల జిడ్డుకు రుణావేశం, ఆ రెండూ అతుక్కుంటాయి. చవుడు నీళ్లలోని కాల్షియం దీనికి ఆటంకం. నేల కడిగిన సబ్బు సరిగ్గా పోకుండా మిగిలితే అదీ ఈ మందును విరిచేస్తుంది. ఈ వర్గం క్రిమినాశకాలను 1935లో వెలుగులోకి తెచ్చిన గెర్హార్డ్ డోమాక్ సల్ఫా మందుల శక్తిని కూడా కనిపెట్టినవాడే. ఒకే మనిషి చేతిలో రెండు ఆయుధాలు పదును తేలాయి, ఒకటి ఒంటి లోపలికి, ఒకటి నేల మీదికి. గ్లూటరాల్డిహైడ్ తీరు మరీ విచిత్రం. అది ప్రోటీన్లను ఒకదానితో ఒకటి ముడివేసి గట్టిపరుస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూడవలసిన కణాలను చెదరకుండా నిలపడానికి శాస్త్రజ్ఞులు వాడేది అందుకే. పెంట పెళ్ల మీద కొడితే పై పొరను అలాగే బిగదీస్తుంది, లోపల బాక్టీరియా దాని నీడలో క్షేమంగా ఉంటాయి. సున్నం పాతకాలపు మందే అయినా తీసిపారేసేది కాదు. కడిగిన సిమెంటు మీద తాజా సున్నం క్షారగుణం 12 పీహెచ్ దాటి చాలా బాక్టీరియాను చంపుతుంది. కానీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో నెమ్మదిగా సుద్దగా మారి ఆ గుణం కోల్పోతుంది, కాబట్టి నెలల కిందటి వెల్ల అందమే తప్ప రక్షణ కాదు. ఇక విత్తులు కట్టే క్లాస్ట్రిడియం జాతుల మీద క్వాటర్నరీ అమోనియం మందులు ఎంత చిక్కగా కొట్టినా విత్తులను చంపలేవు. ఏ మందూ అన్నిటికీ మందు కాదు. కానీ వీటన్నిటికీ ఉమ్మడి శత్రువు ఒకటే ఉంది, అది పెంట.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే: ఇప్పటి మందులను మురికిలో పరీక్షించే కదా అమ్ముతున్నారు? నిజమే. యూరప్‌లో పశుశాలల క్రిమినాశకాలకు ఉన్న ప్రమాణం ప్రకారం, 10 డిగ్రీల చల్లదనంలో 30 నిమిషాల్లో, బాక్టీరియాను లక్షో వంతుకు తగ్గించాలి. గట్టి మురికిలో కూడా అదే ఫలితం చూపాలి. అయితే ఆ గట్టి మురికి ఎంత? లీటరుకు 10 గ్రాముల ఆల్బుమిన్, 10 గ్రాముల ఈస్ట్ సారం, అంటే రమారమి రెండు శాతం. పంది పెంటలో నాలుగో వంతు దాకా ఘనపదార్థమే. పరీక్షలో గట్టి మురికి అన్నది ఓ మాదిరిగా కడిగిన నేలకు సరిపోతుంది, కడగని నేలకు ఎంత మాత్రం సరిపోదు. ఇంకో లెక్క చూడండి. మందు చెప్పిన మాట అక్షరాలా నిలబెట్టుకుని లక్షకు ఒక్కదాన్నే మిగిల్చిందనుకుందాం. జబ్బు పిల్ల విరేచనం ఒక గ్రాము నేల మీద ఉంటే 100 కోట్లలో 10 వేలు మిగులుతాయి. తడి, వెచ్చదనం, మేత రజను ఉన్నచోట ఆ 10 వేలు ఒక రాత్రిలో కోట్లకు చేరడం కష్టం కాదు. అదే చోట ముందు కడిగి 100 కోట్లను లక్షకు దించి, ఆ తర్వాత మందు కొడితే మిగిలేది ఒక్కటి. మందు అదే, ఖర్చు అదే. తేడా అంతా చీపురు, నీళ్ల గొట్టం చేసిన పనిదే. గాఢత పెంచితే సరిపోదా అని అడిగేవాళ్లకు కూడా జవాబు ఈ లెక్కలోనే ఉంది. మందు రెండింతలు పోస్తే పై పొర ఇంకా గట్టిగా బిగుస్తుంది, కూలికి వచ్చినవాడి కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, లోపలి బాక్టీరియా దాకా మాత్రం చేరదు. గ్లూటరాల్డిహైడ్ ఆవిరి ఉబ్బసం తెప్పించగలదు. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే నిర్ధారించింది. ఘాటు పెంచడం శ్రద్ధకు గుర్తు అనుకోవడం తప్పు.

మరి కడగడం అంటే ఏమిటి? ఇక్కడే చాలా ఫారాలు తొందరపడతాయి. ముందు పారతో, చీపురుతో పొడిగా తీయగలిగినదంతా తీయాలి. తర్వాత సన్నని జల్లుతో కొన్ని గంటలు నానబెట్టాలి. నానని పెంటను ప్రెషర్ వాషర్‌తో కొడితే సగం లేస్తుంది, మిగతా సగం తుంపరలై గోడలకూ కప్పుకూ అంటుకుంటుంది. ఆ తర్వాత క్షారగుణం ఉన్న డిటర్జెంటు. ఈనే గదుల్లో పాల జిడ్డు, చర్మపు కొవ్వు నీళ్లకు లొంగవు, జిడ్డు గిన్నెను చింతపండో సబ్బో లేకుండా తోమినట్టే అవుతుంది. ఆపైన ఆ సబ్బు పోయేదాకా మంచినీళ్లు, నేల ఆరడం, అప్పుడు మందు, మందుకు ఇవ్వవలసిన సమయం, మళ్లీ ఆరడం. ఇన్ని చేసినా కొన్ని మూలలు తప్పించుకుంటాయి. ఐర్లండ్ పందుల ఫారాల్లో శుద్ధి ఎంత పనిచేస్తోందో చూసి 2007లో ప్రచురించిన పరిశీలనలో నేల మీద పేగు బాక్టీరియా బాగానే తగ్గాయి, మేత తొట్లు, నీటి గొట్టాల దగ్గర మాత్రం మిగిలిపోయాయి. బెల్జియం పరిశోధకులు పాలు మాన్పించిన పిల్లల గదుల్లో చూసినప్పుడు కూడా పిల్లలు నోటితో పట్టుకునే నీటి నిపుళ్లు అపాయకరమైన చోట్లుగా తేలాయి. ఆలోచిస్తే ఆశ్చర్యమేమీ లేదు. మనిషి కంటికి నేల కనిపిస్తుంది, నిపుల్ లోపలి జిగట పొర కనిపించదు. పిల్ల మొట్టమొదట నోరు పెట్టేది మాత్రం అక్కడే. ఆ బెల్జియం వాళ్లే మరో మాట తేల్చారు: శుద్ధి చేసిన గదిని 10 రోజులు ఖాళీగా ఉంచినా బాక్టీరియా అదనంగా తగ్గలేదు. శుద్ధి సరిగ్గా చేయనిదాన్ని కాలం సరిచేస్తుందనే ఆశ కూడా ఈ ఫలితంతో పోయింది.

గుమ్మం దగ్గర కాళ్లు ముంచే తొట్టి ఈ వాదానికి మరింత స్పష్టమైన రుజువు. ప్రతి పెద్ద ఫారం వాకిట్లో క్రిమినాశక ద్రావణం పోసిన తొట్టి ఉంటుంది, వచ్చినవాళ్లు బూట్లతో అందులో అడుగేసి లోపలికి వెళతారు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000 ప్రాంతంలో దీన్ని పరీక్షించారు. పెంట అంటిన బూట్లతో తొట్టిలోంచి నడిచి వెళితే బూట్ల మీది బాక్టీరియా చెప్పుకోదగినంత తగ్గలేదు. బ్రష్షుతో పెంట రుద్ది తీసేస్తే తగ్గాయి. ఆ తొట్టి ఉండడమే ఒక ధీమా ఇస్తుంది, పెంట పేరుకున్న తొట్టి ఇచ్చే ధీమా అయితే నష్టమే. గుమ్మం దగ్గర తొట్టి పక్కన ఒక బ్రష్షు, నీటి గొట్టం ఉన్నాయా లేదా అన్నది ఆ ఫారం నడిపేవాళ్ల బుద్ధికి మంచి కొలత.

రెండో అభ్యంతరం ఈ రోజుల్లో తరచుగా వినిపిస్తోంది: యాంటీబయాటిక్కుల్లాగే క్రిమినాశకాలకు కూడా బాక్టీరియా అలవాటు పడిపోవా? ఈ భయం ఉత్తది కాదు. క్వాటర్నరీ అమోనియం అణువులను లోపలికి రాగానే బయటికి తోసేసే పంపులను తయారు చేసే క్యుఏసీ జన్యువులు స్టెఫిలోకాకస్‌లో, పేగు బాక్టీరియాలో కనిపిస్తున్నాయి. అందులో ఒక రూపం సల్ఫా మందులకు లొంగని జన్యువుతో కలిసి ఒకే డీఎన్‌ఏ ముక్కలో ప్రయాణిస్తుంది. ఒకదాన్ని ఎంచుకునే ఒత్తిడి రెండోదాన్నీ మోసుకొస్తుంది. అయితే ఈ పంపులు ఇచ్చే రక్షణ లీటరుకు కొన్ని పదుల మిల్లీగ్రాముల దగ్గరే. షెడ్డులో కొట్టే ద్రావణంలో మందు లీటరుకు వేల మిల్లీగ్రాములు ఉంటుంది. పూర్తి గాఢతలో, శుభ్రమైన నేల మీద, ఇవ్వవలసినంత సమయం ఇస్తే పంపు ఉన్న బాక్టీరియా కూడా బతకదు. అపాయం ఎక్కడంటే, నీళ్లు నిలిచిన గుంటల్లో, పెంట పొర అడుగున, కంటికి అంచనా వేసి పోసిన పలుచటి మందులో. అక్కడ గాఢత ఆ పదుల మిల్లీగ్రాములకు పడిపోతుంది, పంపు ఉన్నదానిదే పైచేయి అవుతుంది. అంటే ఈ అభ్యంతరం క్రిమినాశకాలను మానేయమని చెప్పడం లేదు, అరకొరగా వాడొద్దని చెబుతోంది.

అంతా చంపేస్తే మంచి బాక్టీరియా కూడా పోతాయి కదా, వాటినే చల్లి చెడ్డవాటికి చోటు లేకుండా చేయొచ్చు కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. హానిలేని బాక్టీరియా విత్తులను నేల మీద చల్లే పద్ధతులను బెల్జియంలోనే మామూలు శుద్ధితో పోల్చి చూశారు, మామూలు శుద్ధి కంటే మేలేమీ కనిపించలేదు. పైగా పంది పేగుల్లో కుదురుకోవలసిన మంచి బాక్టీరియా తల్లి నుంచి, మేత నుంచి వస్తాయి. వెనకటి బ్యాచి పెంటలోంచి తీసుకోవలసిన అవసరం లేదు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం చివరిది. రోగక్రిములు పంది ఒంట్లోనే ఉంటే నేలను ఎంత తోమి ఏం లాభం? ఇది సూటిగా ఎదుర్కోవలసిన మాట, ఎందుకంటే ఇందులో నిజం ఉంది. పందులు లోపల ఉండగా చేసే శుద్ధి ఎప్పటికీ సగం శుద్ధే. అందుకే గదిని ఒకేసారి నింపి, ఒకేసారి ఖాళీ చేసే పద్ధతి వచ్చింది. ఒక్క పంది వెనక మిగిలినా కొత్త బ్యాచికి అదే పాత క్రిముల మూట. ఈ పద్ధతి విలువను యూరప్ చట్టమే గుర్తించింది. అక్కడ పందిపిల్లకు 28 రోజులకు ముందు పాలు మాన్పించకూడదు. అయితే పూర్తిగా ఖాళీ చేసి, బాగా కడిగి, క్రిమినాశకం కొట్టిన, తల్లి పందులకు దూరంగా ఉన్న ప్రత్యేక గదుల్లోకి తరలిస్తే ఏడు రోజుల ముందే మాన్పించవచ్చు. చట్టం ఒక శుభ్రమైన గదికి ఏడు రోజుల తల్లిపాలతో సమానమైన విలువ కట్టిందన్న మాట. అది సరైన మారకమేనా అన్నది వేరే వాదన, పిల్ల మేలు కోరితే 28 రోజులూ ఉంచడమే నయమనిపిస్తుంది. కానీ గదికి అంత విలువ ఉందన్నది మాత్రం నిజం.

మందను, నేలను కలిపి చూసినప్పుడు ఏం సాధ్యమో నార్వే చూపించింది. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టెఫిలోకాకస్‌లో సీసీ398 అనే పశువుల రకం ఉంది. 2000 తర్వాత కొన్నేళ్లకు నెదర్లాండ్స్‌లో పందుల రైతుల్లో కనిపించి యూరప్ అంతా పాకింది. డెన్మార్క్‌లో పరీక్షించిన మందల్లో 2008లో దాదాపు 3 శాతంలో ఉన్నది 2014 నాటికి 68 శాతానికి, 2016 నాటికి 88 శాతానికి చేరింది. నార్వేలో 2013లో పందుల మందల్లో బయటపడగానే ప్రభుత్వం వదిలిపెట్టకూడదని నిర్ణయించింది. సోకిన మందను మొత్తం తీసేయడం, షెడ్డును కడిగి క్రిమినాశకం కొట్టడం, ఖాళీ షెడ్డులోని దుమ్మును పరీక్షించడం, క్రిమి లేదని తేలాకే సోకని మందల నుంచి పందులను తెచ్చి నింపడం. కొన్నిచోట్ల మొదటిసారి విఫలమై మళ్లీ చేయవలసి వచ్చింది, అయినా ఎక్కువ మందలు శుభ్రపడ్డాయి. దేశం మొత్తం మీద ఆ క్రిమి పాతుకోలేదు. నార్వేలో పందుల మందలు తక్కువ, దిగుమతి దాదాపు లేదు, పదింట తొమ్మిది మందలకు సోకిన డెన్మార్క్ అదే పని చేయలేదని ఎవరైనా అంటే ఒప్పుకోవలసిందే. ఒప్పుకున్నా ఒక సంగతి మిగులుతుంది: రెండు దేశాల్లోనూ దొరికే మందులు ఒకటే. నార్వే ఫలితం తెచ్చింది మందు చుట్టూ ఉన్న క్రమం, అందులోనూ ఖాళీ షెడ్డును పరీక్షించి చూసుకునే ఓపిక.

ఇంత శ్రమ ఎందుకు, మేతలో కాస్త మందు కలిపితే పోదా అన్నది చాలాకాలం ప్రపంచమంతా నడిచిన పద్ధతి. ఆ దారి మూసుకుపోతోంది, మూసుకుపోవాలి కూడా. చైనాలో పంది నుంచి తీసిన ఈ.కోలిలో కొలిస్టిన్‌కు లొంగని జన్యువు ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి దూకగల రూపంలో కనిపించినట్టు 2015లో బయటపడింది. కొలిస్టిన్ ఆసుపత్రుల్లో ఆఖరి ఆశగా వాడే మందు. మన దేశం 2019లో దాన్ని ఆహార పశువుల్లో నిషేధించింది. పారుడు ఆపడానికి మేతలో మోతాదుకు మించి కలిపే జింక్ ఆక్సైడ్‌ను యూరప్ 2022 జూన్ నుంచి ఆపేసింది. డెన్మార్క్ అనుభవం ధైర్యం ఇస్తుంది: 1992 నుంచి 2008 మధ్య కిలో పంది మాంసానికి వాడే యాంటీబయాటిక్కులు సగానికి పైగా తగ్గాయి, ఉత్పత్తి పెరిగింది. ఆ గొప్ప అంతా శుద్ధిది అనడం అన్యాయం, చట్టాలు, మేత, టీకాలు, జాతి ఎంపిక అన్నీ ఉన్నాయి. కానీ బెల్జియంలో ఫారాల జీవభద్రతకు మార్కులు వేసి చూసినప్పుడు, మార్కులు ఎక్కువ వచ్చిన ఫారాల్లో మందుల వాడకం తక్కువగా కనిపించింది. లోపలికి వేసే మందును తగ్గించుకోవాలంటే బయట నేల మీద పని పెంచుకోక తప్పదు.

ఇదంతా పెద్ద ఫారాల సంగతి, నాలుగు పందులున్నవాడికి ఏం పనికొస్తుంది అన్న ప్రశ్న మన దగ్గర సహజం. 2019 పశుగణన ప్రకారం దేశంలో పందులు 90 లక్షల పైచిలుకు, అందులో ఎక్కువ భాగం చిన్న పెంపకందార్ల దగ్గరే ఉన్నాయి. తెలుగు నాట తరతరాలుగా పందులు పెంచుతున్న ఎరుకల కుటుంబాలకు షెడ్డే లేని చోట ఖాళీ గది మాట చెప్పడం వాళ్ల కష్టాన్ని చూడకపోవడమే. మట్టి నేలను ఏ క్రిమినాశకమూ శుద్ధి చేయలేదు, మట్టే దాన్ని మింగేస్తుంది. కాబట్టి అలాంటి ఇంటికి ప్రభుత్వ పథకం కింద ఇవ్వవలసిన మొదటి సాయం మందు డబ్బా కాదు, వాలుగా పోసిన సిమెంటు నేల, నీళ్ల వసతి. షెడ్డును రెండు గదులుగా అడ్డుగోడతో విడదీస్తే ఒక గదిలో పిల్లలు పెరుగుతుండగా రెండో గదిని తోమి, ఎండకు ఆరబెట్టి, తాజా సున్నమో బ్లీచింగ్ పౌడరో కొట్టి, అదీ ఆరనిచ్చి, తర్వాతి ఈతకు సిద్ధం చేయవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో కడిగిన నేల ఒక పూటలో ఎండిపోతుంది. డెన్మార్క్ రైతు హీటరు పెట్టి డబ్బు ఖర్చు చేసి తెచ్చుకునే పొడి మన రైతుకు ఊరికే దొరుకుతుంది. వానాకాలంలో మాత్రం ఆ పూట మూడు రోజులవుతుంది, ఆ మూడు రోజులూ ఆగాలి. మేత తొట్టి, నీటి తొట్టి కదిలేవిగా ఉంటే బయటికి తెచ్చి, తిరగేసి, అడుగు భాగం కూడా తోమి ఎండలో పెట్టాలి. కదలని వాటికి లోపలి అంచులు వేలితో తడిమి చూడాలి. జిగట తగిలితే మందు కలపడానికి ఇంకా వేళ కాలేదు.